ముఖం మీద వెలుగు, వెనకాల వెలుగు: ఆరుబయట పోర్ట్రెయిట్ లెక్క

వేపచెట్టు నీడలో ఒక మనిషిని నిలబెట్టి, వెనక ఎండలో మెరిసే వరిచేను కూడా పడేలా ఫోటో తీస్తే రెండిట్లో ఒకటి జరుగుతుంది. చేను పచ్చగా వస్తే ముఖం నల్లబడుతుంది. ముఖం సరిగ్గా వస్తే చేను పాలిపోయి అది ఏ పైరో కూడా తెలియదు. కంటికి మాత్రం అక్కడ రెండూ బాగానే కనిపించాయి. అందుకే తీసినవాళ్లు కెమెరా మంచిది కాదనుకుంటారు, లేదా ఇంకా ఖరీదైన ఫోన్ కొనాలేమో అని ఆలోచిస్తారు.

మధ్యాహ్నపు ఎండకీ చెట్టు నీడకీ మధ్య వెలుగు తేడా మామూలుగా మూడు నాలుగు స్టాపులు ఉంటుంది. ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెట్టింపు అవుతుంది. కాబట్టి మూడు స్టాపులంటే ఎనిమిది రెట్లు, నాలుగంటే పదహారు రెట్లు. మన చూపు ముఖం మీదికి వెళ్లినప్పుడు ముఖానికి, చేను మీదికి వెళ్లినప్పుడు చేనుకి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు జరుగుతున్నట్టు మనకు తెలియను కూడా తెలియదు. కెమెరా మాత్రం ఫ్రేమ్ మొత్తానికి ఒకే ఎక్స్‌పోజర్ (లోపలికి రానిచ్చే వెలుగు) ఇవ్వాలి. ఇప్పటి ఫోన్లు వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలిపేస్తాయి, నిజమే. దాంతో రెండు వైపులా వివరం మిగులుతుంది. కానీ నీడలో ఉన్న ముఖం, ఎండలో ఉన్న చేను ఒకే వెలుగులో ఉన్నట్టు తయారై, మనిషిని కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది.

పోర్ట్రెయిట్ నేర్చుకునేవాళ్లు ఎక్స్‌పోజర్‌ని ఒక పాఠంగా, బ్యాక్‌గ్రౌండ్‌ని ఇంకో పాఠంగా చదువుతారు. ఆరుబయట ఈ రెండూ విడివిడిగా ఉండవు. పాత స్టూడియోలో అయితే వెనక రంగుల తెర, ముందు లైట్లు రెండూ ఫోటోగ్రాఫర్ చేతిలో ఉండేవి. బయట సూర్యుడు మన మాట వినడు, చేను పక్కకు జరగదు. మన చేతిలో ఉన్నది మనిషిని ఎక్కడ నిలబెట్టాలి, ఎటు తిప్పాలి అన్నదే. ఆ నిర్ణయంతోనే ముఖానికీ వెనక భాగానికీ మధ్య ఎన్ని స్టాపుల తేడా ఉంటుందో తేలిపోతుంది. ఆ తర్వాత కెమెరాలో తిప్పే డయల్స్ అన్నీ ఆ తేడాని దాటి పెద్దగా ఏమీ చేయలేవు.

తేడా ఎంతుందో చూడటం

కొలవడం కష్టమేమీ కాదు. కెమెరాలో స్పాట్ మీటరింగ్ (ఒక చిన్న చోటు వెలుగుని మాత్రమే కొలిచే పద్ధతి) పెట్టి ముందు చెంప మీద, తర్వాత వెనక ఉన్న చోటు మీద రీడింగ్ చూస్తే సరిపోతుంది. అపర్చర్ (లెన్స్ రంధ్రం వెడల్పు), ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) మార్చకుండా చూసినప్పుడు చెంపకి షటర్ స్పీడ్ (షటర్ తెరిచి ఉండే సమయం) 1/125 సెకను అని, వెనక 1/1000 అని వస్తే మూడు స్టాపుల తేడా ఉన్నట్టు. ఫోన్‌లో అంకెలు కనిపించకపోయినా ముందు ముఖం మీద, తర్వాత వెనక భాగం మీద వేలితో తాకి తెర ఎంత మారుతుందో చూడొచ్చు. తెర బాగా ఎగిరిపడినట్టు మారితే ఆ చోటు వదిలేయడమే మంచిది.

వెనక భాగం ముఖం కంటే ఒక స్టాప్ ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు, ఫోటో తేలిగ్గా, హాయిగా ఉంటుంది. రెండు స్టాపులైతే రంగులు వెలవెలబోతాయి, కొందరికి ఆ తీరే ఇష్టం. మూడు దాటితే వెనక ఏముందో చెప్పలేం. ఇంకోవైపు, వెనక భాగం ముఖం కంటే ఒకటి రెండు స్టాపులు తక్కువగా ఉంటే చూపు నేరుగా ముఖం మీదికే వెళ్తుంది. ఎంతో ఖరీదైన లెన్స్ కంటే ఈ ఒకటి రెండు స్టాపులే పోర్ట్రెయిట్‌కి ఎక్కువ మేలు చేస్తాయి.

వెలుగు ఎటు నుంచి పడుతోందో తెలుసుకోవడానికి ఇంకా సులువైన పద్ధతి ఉంది. మనిషిని పిలవకముందే ఆ చోట మనమే నిలబడి, పిడికిలి బిగించి ముఖం ఎత్తులో పెట్టి, మెల్లగా చుట్టూ తిరగాలి. వేళ్ల కణుపుల కింద నీడ ఏ వైపు గట్టిగా పడుతోందో, ఏ వైపు మెత్తబడుతోందో కనిపిస్తుంది. కళ్ల గుంతల్లో, ముక్కు కింద పడే నీడ కూడా అదే తీరుగా ఉంటుంది. నిమిషం కూడా పట్టదు.

అరుగు, వసారా, మండువా

తెలుగు నేల మీద పాత ఇళ్లు కట్టిన తీరు చూస్తే పోర్ట్రెయిట్ కోసమే కట్టారేమో అనిపిస్తుంది. వీధి వైపు ముఖం పెట్టి అరుగు మీద కూర్చున్న పెద్దావిడని తీసుకోండి. పైన చూరు ఉంది కాబట్టి నడినెత్తి నుంచి పడే ఎండ ఆగిపోతుంది. ఎదురుగా తెరిచిన ఆకాశం, ఎండ పడ్డ వీధి ఉన్నాయి కాబట్టి ముఖం నిండా మెత్తటి వెలుగు పడుతుంది, కంట్లో చిన్న మెరుపు కనిపిస్తుంది. వెనక తలుపు తీసి ఉంటే లోపలి గది చీకటి. అంటే బ్యాక్‌గ్రౌండ్ ముఖం కంటే రెండు మూడు స్టాపులు తక్కువ. రిఫ్లెక్టర్ (వెలుగుని తిప్పి ముఖం మీదికి పంపే పలక) లేదు, ఫ్లాష్ లేదు, అయినా స్టూడియోలో తీసినంత నిండుగా వస్తుంది.

మండువా లోగిలిలో కూడా ఇదే సూత్రం. నడిమధ్యలో నిలబెడితే వెలుగు నెత్తి మీద నుంచి పడి కళ్లు గుంతలవుతాయి. ఒక పక్క వసారాలోకి రెండు మూడు అడుగులు జరిపి, ముఖం మండువా వైపు తిప్పితే అదే వెలుగు ఎదురు నుంచి వస్తుంది. ఇంకా లోపలికి వెళ్లేకొద్దీ ముఖం మీద వెలుగు గబగబా తగ్గిపోతుంది కాబట్టి నీడ అంచు దగ్గరే ఉండాలి. హైదరాబాద్ కుతుబ్ షాహీ సమాధుల కమానుల కింద, గోల్కొండ కోటలో మెట్ల దారి పక్కన ఉన్న గుమ్మాల దగ్గర, పాత రైల్వే స్టేషన్ వరండాల్లో, చివరికి షటర్ ఎత్తిన కిరాణా కొట్టు ముందు కూడా ఈ పని జరుగుతుంది. మనిషి బయటికి చూడాలి, వెనక చీకటి ఉండాలి.

ఇలాంటి చోట ఒక చిక్కు ఉంది. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం చీకటే కాబట్టి కెమెరా మీటర్ ఆ చీకటిని వెలిగించాలని చూస్తుంది, దాంతో ముఖం తెల్లగా తేలిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (మీటర్ లెక్కని పెంచే, తగ్గించే సెట్టింగ్) ఒక స్టాప్ మైనస్ వైపు తిప్పాలి, కొన్నిసార్లు ఒకటిన్నర. ఫోన్‌లో అయితే ముఖం మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొద్దిగా కిందికి జరపాలి.

నీడలో రంగు సంగతి కూడా చూసుకోవాలి. ముఖం మీద పడే వెలుగులో చాలా భాగం ముందున్న నేల నుంచి, చుట్టూ ఉన్న గోడల నుంచి ఎగిరి వచ్చేదే. సున్నం వేసిన గోడ ఎదురుగా ఉంటే అంతకు మించిన రిఫ్లెక్టర్ లేదు. ఎర్రమట్టి నేల గడ్డం కింద ఎర్రటి జీర వేస్తుంది. దట్టమైన గడ్డి, అరటి తోట పచ్చదనాన్ని చర్మం మీదికి తెస్తాయి. నల్ల గ్రానైట్ పరిచిన వరండా అసలు ఏమీ తిరిగివ్వదు, కళ్ల కింద నీడలు అలాగే ఉండిపోతాయి. పెళ్లిళ్లలో వచ్చే పెద్ద తంటా రంగుల షామియానా. ఎర్ర, పసుపు గుడ్డలోంచి వడకట్టుకుని వచ్చిన ఎండ అందరి ముఖాల మీదా ఆ రంగే పూస్తుంది. ఒకరి ముఖం సగం ఎర్రగా, సగం పసుపుగా ఉంటే తర్వాత కంప్యూటర్‌లో సరిచేయడం దాదాపు అసాధ్యం. అలాంటి పందిట్లో మనుషుల్ని అంచుకి తెచ్చి బయటి వెలుగు వైపు తిప్పడమే మార్గం. తాటాకు పందిరిలో రంగు సమస్య ఉండదు కానీ సందుల్లోంచి ఎండ చుక్కలు ముఖం మీద పడతాయి. ఒక చుక్క ముక్కు మీద పడిందంటే ఆ ఫోటో అక్కడితో పాడైనట్టే.

మీటర్‌కి మనిషి తెలియదు

కెమెరాలోని మీటర్ తన ముందున్నది ఏదైనా మధ్యస్థంగా బూడిద రంగులో ఉందని అనుకుంటుంది. తన మీద పడ్డ వెలుగులో 18 శాతం తిప్పి పంపే వస్తువుని దానికి ప్రమాణంగా చెబుతారు. తెల్ల గోడ చూపిస్తే దాన్ని బూడిదగా మారుస్తుంది, నల్ల తలుపు చూపించినా బూడిదగానే మారుస్తుంది. ముఖాన్ని గుర్తుపట్టే కొత్త కెమెరాల్లో ఈ తప్పు తగ్గింది కానీ, ఆ గుర్తుపట్టిన ముఖం ఎంత వెలుగుగా ఉండాలన్నది ఇప్పటికీ ఎవరో ముందే రాసిపెట్టిన అంచనానే.

ఆ అంచనా చాలాకాలం మన చర్మాన్ని బట్టి తయారు కాలేదు. 1940 ప్రాంతంలో అమెరికన్ ఫోటోగ్రాఫర్లు అన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ సిస్టమ్‌లో (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగుని స్టాపుల వారీగా మెట్లుగా విడగొట్టే పద్ధతి) బూడిద రంగు ఐదో జోన్, ఎండలో తెల్లజాతి మనిషి చర్మం ఆరో జోన్. అంటే బూడిద కంటే ఒక స్టాప్ ఎక్కువ. కలర్ ప్రింట్లు సరిచూసుకోవడానికి కోడాక్ ల్యాబులకు పంపిన కార్డుల మీద కూడా దశాబ్దాల పాటు తెల్లని అమ్మాయి బొమ్మే ఉండేది. వేర్వేరు చర్మాల రంగులున్న కార్డులు 1990 దశకంలో గానీ రాలేదు. గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్‌లో నల్లని, గోధుమరంగు చర్మాలకు తగ్గట్టు సర్దే రియల్ టోన్ పెట్టింది 2021లో. ఇంత ఆలస్యంగా వచ్చిన జాగ్రత్తని మనం ఒక్క క్షణంలో పాడుచేసుకుంటున్నాం. ఫోటో తీయగానే బ్యూటీ మోడ్, ఎడిటింగ్‌లో 'రంగు తేలాలి' అనే ఒత్తిడి.

చామనఛాయ ముఖం బూడిద ప్రమాణానికి దగ్గరలోనో, దానికి అర స్టాప్ కిందనో కూర్చుంటుంది. దాన్ని ఒకటిన్నర స్టాప్ పైకి లాగితే తెల్లబడదు. నుదురు, ముక్కు మీద జిడ్డు మెరుపులు తెల్లటి మచ్చలవుతాయి, చెంపల గుండ్రం పోయి ముఖం చదునుగా మారుతుంది. నల్లటి చర్మంలో అందమంతా వెలుగు జారిపోయే తీరులో ఉంటుంది. చెంప ఎముక మీద చిన్న మెరుపు, అక్కడి నుంచి దవడ దాకా మెల్లగా చిక్కబడే రంగు. పెద్ద మెత్తటి వెలుగుని పక్క నుంచి పడనిస్తే ఆ తీరు దానంతటదే వస్తుంది. ఎక్స్‌పోజర్ పెంచి ఆ రంగుని చెరిపేయడం ఆ మనిషిని చెరిపేయడమే. పెళ్లి ఆల్బమ్‌లో వధువు ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు ఉండటం చూసి బాధపడని ఇల్లు ఉందా?

నమ్మకమైన కొలత కావాలంటే అరచేయి ఉంది. ఏ రంగు మనుషులకైనా అరచేతుల రంగులో తేడా తక్కువ. అది బూడిద కంటే సుమారు ఒక స్టాప్ వెలుగుగా ఉంటుంది. ముఖం మీద పడుతున్న వెలుగులోనే అరచేయి పెట్టి స్పాట్ మీటర్‌తో రీడింగ్ తీసుకుని, దానికి ఒక స్టాప్ కలిపి మాన్యువల్‌లో బిగించేస్తే వెనక ఏమున్నా ముఖం మారదు. అదే చోట ఎంతమందిని తీసినా ఒకేలా వస్తాయి.

బట్టలు కూడా హద్దులు పెడతాయి. తెల్ల పంచె, తెల్ల చొక్కా ఎండలో ఉంటే అది చర్మం కంటే రెండు స్టాపులకు పైగా వెలుగుగా ఉండొచ్చు. ముఖానికి తగ్గట్టు పెంచుకుంటూ పోతే పంచె నేత మాయమై కాగితంలా తయారవుతుంది. ఒకసారి పూర్తిగా తెల్లబడిన చోట వివరం ఎక్కడి నుంచీ తేలేం. చీకటిపడిన చోట మాత్రం రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫైల్) రెండు మూడు స్టాపుల దాకా బయటికి లాగొచ్చు, కాస్త గరుకు వచ్చినా సరే. కాబట్టి ఎక్స్‌పోజర్ పంచెకి పెట్టి, ముఖం మీదికి వెలుగు రిఫ్లెక్టర్‌తో పంపాలి. ఎర్ర పట్టుచీరలో వచ్చే మోసం ఇంకొంచెం లోతైనది. హిస్టోగ్రామ్ (ఫోటోలో ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్) అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది కానీ ఎరుపు ఛానెల్ ఒక్కటే పైహద్దు దాటేసి ఉంటుంది, చీర మడతలన్నీ ఒకే ఎర్ర ముద్దగా మారతాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూసే అలవాటు ఉంటే అర స్టాప్ తగ్గించి చీరని కాపాడుకోవచ్చు. జరీ మీద చిన్న మెరుపులు తెల్లబడితే ఫర్వాలేదు, జరీ అలాగే మెరవాలి. మంగళస్నానాల ఫోటోల్లో పసుపు రాసిన ముఖాలు, పసుపు బట్టలు, బంతిపూలు అన్నీ చూసి ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని దానంతటదే సరిచేసే సెట్టింగ్) కంగారుపడి నీలం కలిపేస్తుంది. పసుపు కళ పోయి ముఖాలు జబ్బు చేసినట్టు కనిపిస్తాయి. అక్కడ వైట్ బ్యాలెన్స్‌ని డేలైట్‌లోనో, నీడ అయితే షేడ్‌లోనో బిగించి మర్చిపోవాలి.

మన సూర్యుడు తొందరగా దిగిపోతాడు

ఆరుబయట పోర్ట్రెయిట్ గురించి ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా గోల్డెన్ అవర్ మాటే. సాయంత్రం చివరి గంటలో తీయండి, వెలుగు బంగారంలా ఉంటుంది అంటారు. సలహా మంచిదే కానీ ఆ గంట అందరికీ ఒకే గంట కాదు. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న ఊళ్లలో సూర్యుడు ఏటవాలుగా, నింపాదిగా దిగుతాడు. మన దగ్గర దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. మార్చి, సెప్టెంబర్ నెలల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో లెక్క వేస్తే, ఆకాశంలో ఆరు డిగ్రీల ఎత్తు నుంచి దిగంతం దాకా దిగడానికి లండన్‌లో దాదాపు 39 నిమిషాలు పడుతుంది. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న హైదరాబాద్‌లో 25 నిమిషాలు. జూన్‌లో లండన్‌లో దాదాపు 47 నిమిషాలకు చేరుతుంది, హైదరాబాద్‌లో 27 దగ్గరే ఆగిపోతుంది. ఆ చివరి కాసేపట్లో వెలుగు క్షణక్షణానికీ తగ్గుతూ ఉంటుంది. ఐదున్నరకు వచ్చి, బట్టలు మార్చుకుని, చోటు వెతుక్కుందాం అంటే కుదరదు. చోటు నాలుగు గంటలకే తేలి ఉండాలి. వెలుగు పడిపోతున్నకొద్దీ ప్రతి రెండు మూడు నిమిషాలకు ఎక్స్‌పోజర్ సరిచూసుకోవాలి.

నడినెత్తి ఎండ కూడా ఇక్కడ వేరు. హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా తల మీదికి వస్తాడు. నిలబెట్టిన కర్రకి ఆ క్షణంలో నీడే ఉండదు. మే అంటే వైశాఖ మాసపు పెళ్లిళ్లు. ఆ ఎండలో కనుబొమ్మల కింద రెండు నల్ల గుంతలు, ముక్కు కింద నీడ మీసం, మెరిసే నుదురు తప్పవు. పది నుంచి మూడింటి దాకా ఎండలో పోర్ట్రెయిట్ తీయకపోవడమే ఉత్తమం. తప్పకపోతే సూర్యుడి వైపు వీపు పెట్టించాలి. జుట్టు అంచుకి వెలుగు గీత వస్తుంది, ముఖం మొత్తం ఒకే నీడలో ఉంటుంది, ఆ నీడకి తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెట్టుకోవచ్చు. అప్పుడు వెనక కూడా ఎండ పడ్డ నేల కాకుండా చెట్ల గుబురో, నీడ పడ్డ గోడో ఉండాలి. లేకపోతే మళ్లీ మొదటి వేపచెట్టు సమస్యే.

సముద్రం దగ్గర ఇంకో పొరపాటు తరచుగా కనిపిస్తుంది. గోవాలో తీసిన సూర్యాస్తమయం ఫోటోలు చూసి, అలాంటివే కావాలని సాయంత్రం విశాఖ బీచ్‌కో భీమిలికో వెళ్తారు. గోవా తీరం పడమరకు తిరిగి ఉంది, మన తీరం తూర్పుకి. సముద్రం మీద ఎర్రటి సూర్యుడు కావాలంటే ఇక్కడ తెల్లవారుజామున లేవాల్సిందే. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక, కొండల వెనక దిగుతాడు. దీన్ని లోపంగా చూడనక్కర్లేదు. సూర్యుడు భవనాల వెనక్కి వెళ్లాక ఇసుక మీద నీడ పడుతుంది, ఎదురుగా సముద్రం మీద ఆకాశం లేత గులాబీ, నీలం రంగుల్లో ఇంకా వెలుగుతూ ఉంటుంది. సముద్రాన్ని వెనక పెట్టి తీస్తే ముఖం మీద పడే వెలుగు, వెనక కెరటాల వెలుగు ఒక స్టాప్ తేడాలో సర్దుకుంటాయి. గోవాలో అదే వేళలో సముద్రం వైపు తీస్తే ముఖాలు నల్లని ఆకారాలే.

వెనక ఎంత మసకబారాలి

బ్యాక్‌గ్రౌండ్ మసకగా రావాలంటే ఎఫ్ 1.8 లెన్స్ కొనాలని అందరూ చెబుతారు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దదవుతుంది). మసక ఎంత వస్తుందన్నది ఎఫ్ అంకె ఒక్కదాని మీద లేదు. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె) ఎఫ్ అంకెతో భాగిస్తే ఆ లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం ఎంత వెడల్పో వస్తుంది. చాలా దూరంలో ఉన్న ఒక కాంతి చుక్క, మనిషి ముఖం దగ్గర కొలిస్తే సరిగ్గా అంత వెడల్పు గుండ్రంగా పరుచుకుంటుంది. 85 ఎంఎం లెన్స్‌ని ఎఫ్ 1.8 దగ్గర వాడితే 47 మిల్లీమీటర్లు, అంటే ముఖం వెడల్పులో దాదాపు మూడో వంతు. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్ చివర, ఎఫ్ 5.6 దగ్గర 10 మిల్లీమీటర్లే. అందుకే దాంతో వెనక చెట్టు ఆకులు లెక్కపెట్టేలా ఉంటాయి. ఇప్పుడు చాలామంది దగ్గర ఉండే 55-250 జూమ్‌ని చివరిదాకా లాగి ఎఫ్ 5.6 దగ్గర చూడండి. 45 మిల్లీమీటర్లు! పక్షుల కోసం కొని మూలన పడేసిన లెన్స్, ఖరీదైన పోర్ట్రెయిట్ లెన్స్‌తో దాదాపు సమానంగా దూరపు బ్యాక్‌గ్రౌండ్‌ని కరిగిస్తుంది.

ఇక్కడ షరతు ఒకటుంది. బ్యాక్‌గ్రౌండ్ నిజంగా దూరంగా ఉండాలి. కెమెరా నుంచి మనిషి రెండు మీటర్ల దూరంలో ఉండి, మనిషి వెనక రెండు మీటర్లకే గోడ ఉంటే పైన చెప్పిన మసకలో సగమే వస్తుంది. వెనక ఆరు మీటర్లు ఖాళీ ఉంటే ముప్పావు వంతు వస్తుంది. అర మీటరే ఉంటే ఐదో వంతు. 85 ఎంఎంతో రెండు మీటర్ల నుంచి వచ్చే ఫ్రేమే 250 ఎంఎం దగ్గర కావాలంటే కెమెరా మనిషికి ఆరు మీటర్ల దూరంలో ఉండాలి కాబట్టి సగం మసకకే మనిషి వెనక ఆరు మీటర్లు కావాలి. దీన్నిబట్టి డబ్బు ఖర్చు లేని మార్గం ఒకటి కనిపిస్తుంది. మనుషులు ఫోటో అనగానే అలవాటుగా గోడకి ఆనుకుని నిలబడతారు. నాలుగడుగులు ముందుకి పిలవండి చాలు. ఫోటో సగం బాగుపడుతుంది, గోడ మీద పడే నీడ కూడా పోతుంది.

ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ ఈ మసకని లెక్కలతో తయారుచేస్తుంది. మనిషి అంచులు ఎక్కడున్నాయో ఊహించి మిగతాదాన్ని మసకబారుస్తుంది. జడలో మల్లెపూలు, చెవి బుట్టలు, గాలికి ఎగిరే ముంగురులు, పల్చటి చున్నీ అంచు, ఇవన్నీ దానికి కష్టమే. మల్లెదండలో సగం పూలు వెనక భాగంలో కలిసిపోయిన ఫోటోలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. మసక స్థాయిని సగానికి తగ్గించి, మనిషి వెనక రంగు సాదాగా ఉండే చోటు చూసుకుంటే ఆ తప్పులు చాలావరకు కనిపించవు. ఫోన్‌లో టెలిఫోటో లెన్స్ ఉంటే, మనిషిని గోడకి దూరంగా నిలబెట్టి దాంతో తీస్తే అసలు ఆ మోడ్ అవసరమే తగ్గుతుంది.

ఎంత మసకబారినా వెలుగు చుక్క వెలుగు చుక్కే, ఎర్ర రంగు ఎర్ర రంగే. మన ఊళ్లలో ఏ కూడలి దగ్గర నిలబడినా వెనక ఒక ఫ్లెక్సీ ఉంటుంది. దాన్ని పూర్తిగా కరిగించినా పసుపు, ఎరుపు ముద్దలు చూపుని లాగేస్తాయి. తల వెనక నుంచి మొలిచినట్టు కరెంటు స్తంభం, మెడని కోస్తూ వెళ్లే దిగంతపు గీత, చెవి పక్కన తెల్లగా మెరిసే వాటర్ ట్యాంకు కూడా అంతే. వీటికి మందు లెన్స్‌లో లేదు, కాళ్లలో ఉంది. అడుగు పక్కకు జరిగితే స్తంభం మనిషి వెనక దాక్కుంటుంది. కుర్చీ ఎక్కి కాస్త పైనుంచి తీస్తే వెనక ఆకాశం, తీగలు, ఫ్లెక్సీలు అన్నీ పోయి నేలే బ్యాక్‌గ్రౌండ్ అవుతుంది. తడి ఇసుక, పచ్చటి నారుమడి, ఆవుపేడతో అలికి ముగ్గుపెట్టిన వాకిలి. నేల మామూలుగా ఆకాశం కంటే తక్కువ వెలుగు కాబట్టి ఎక్స్‌పోజర్ సమస్య కూడా చాలావరకు దాంతోనే తీరుతుంది.

చార్మినార్ లాంటి కట్టడం వెనక పెద్దగా కనిపించాలంటే చాలామంది మనిషిని దాని దగ్గరికి తీసుకెళ్తారు. అప్పుడు కట్టడం ఫ్రేమ్‌లో పట్టదు, వెడల్పు లెన్స్ పెడితే మనిషి ముక్కు పెద్దదవుతుంది. మనిషీ కెమెరా రెండూ వీధి వెంట వెనక్కి రావాలి. మనిషికీ కెమెరాకీ మధ్య కూడా దూరం పెంచి జూమ్ చేస్తే, ముఖం సైజు మారకుండా మినార్లు వెనక ఎదుగుతూ వస్తాయి.

చోటు మార్చలేనప్పుడు

పెళ్లికొడుకు ఎదురుకోలు మిట్టమధ్యాహ్నం వీధిలోనే జరుగుతుంది. ఫోటోగ్రాఫర్ కోసం ఊరేగింపు నీడలోకి రాదు. అక్కడ తేడాని తగ్గించడానికి రెండు దారులున్నాయి: ముఖం మీదికి వెలుగు పంపడం, లేదా ముఖం మీద పడే ఎండని అడ్డుకోవడం. తెల్ల థర్మాకోల్ షీట్‌ని సహాయకుడు ఛాతీ ఎత్తులో, కొద్దిగా పక్క నుంచి పట్టుకుంటే కళ్ల గుంతలు నిండుతాయి. వెండి రంగు రిఫ్లెక్టర్ వాడితే వెలుగు ఎక్కువే కానీ ఎండలో అది కళ్లలోకి కొడుతుంది, అందరూ కళ్లు చికిలిస్తారు. కింది నుంచి పట్టుకుంటే దెయ్యం సినిమా లైటింగ్ అవుతుంది. తల మీద పల్చటి తెల్ల గుడ్డ పట్టడం ఒక్కరిద్దరి ఫోటోకి బాగా పనిచేస్తుంది. గొడుగు కూడా అడ్డుకుంటుంది గానీ నల్ల గొడుగు వెలుగుని మింగేస్తుంది, రంగు గొడుగు షామియానా చేసే పనే చేస్తుంది.

ఫ్లాష్ వాడేవాళ్లకు లెక్క ఇలా ఉంటుంది. గట్టి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 16 దగ్గర షటర్ సుమారు 1/100 సరిపోతుంది. ఎండకి ఉన్న పాత సూత్రం ఇదే. అంటే 1/200 దగ్గర ఎఫ్ 11. వెనక మసక కోసం ఎఫ్ 2కి వెళ్తే ఐదు స్టాపులు తెరిచినట్టు, షటర్ 1/6400 కావాలి. మామూలు ఫ్లాష్ 1/200, 1/250 దాటితే షటర్‌తో కలవదు. హై స్పీడ్ సింక్ (వేగమైన షటర్‌తో కూడా ఫ్లాష్ కలిసేలా చేసే సెట్టింగ్) పెట్టొచ్చు కానీ ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది, మనిషికి చాలా దగ్గరగా తేవాలి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది మరి. లేదా లెన్స్‌కి ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని తగ్గించే బూడిద రంగు అద్దం) బిగించి షటర్‌ని కిందికి తేవాలి. ఎదురుకోలు లాంటి హడావుడిలో ఇవన్నీ వదిలేసి ఎఫ్ 11 దగ్గరే ఉండి, ఫ్లాష్‌ని ఎండ కంటే ఒకటి నుంచి రెండు స్టాపులు తక్కువకు పెట్టడం మేలు. కళ్ల కింద నీడలు తేలికపడతాయి, ఫ్లాష్ కొట్టినట్టు తెలియదు. వెనక బంధువుల ముఖాలు కూడా స్పష్టంగా ఉంటాయి. ఎదురుకోలు ఫోటోలో వాళ్లని మసకబార్చాల్సిన పని కూడా లేదు.

ఎడిటింగ్‌లో ముఖాన్ని పెంచడం కంటే వెనక భాగాన్ని అర స్టాప్ తగ్గించడం సహజంగా కనిపిస్తుంది. అంతకు మించి తగ్గిస్తే జుట్టు చుట్టూ తెల్లటి వలయం బయటపడుతుంది. చర్మం మీద మచ్చలు తుడిచే స్లైడర్‌ని సున్నా దగ్గరే ఉంచడం మంచిది.

డిసెంబర్, జనవరి నెలల్లో లంబసింగి పొగమంచులో ఈ లెక్క తలకిందులవుతుంది. వెలుగు అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తుంది, ముఖానికీ వెనకకీ మధ్య తేడా దాదాపు ఉండదు, నీడలు లేవు. మీటర్ మాత్రం ఆ తెల్లదనాన్ని బూడిదగా మార్చి ఫోటోని మబ్బుపట్టినట్టు చేస్తుంది కాబట్టి ఒక స్టాప్ దాకా పెంచాలి. ఇక్కడ మనిషిని విడదీసి చూపించేది వెలుగు తేడా కాదు, రంగు. ఎర్ర శాలువానో, పసుపు స్వెటరో వేసుకుని పది అడుగుల్లోపు నిలబడితే చెట్లు ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ వాటంతటవే మసకబారతాయి. లేత రంగు బట్టలేసుకుని దూరంగా నిలబడితే మనిషి కూడా మంచులో కలిసిపోతాడు. పొద్దెక్కి మంచు విడిపోయాక చెట్ల సందుల్లోంచి ఎండ గీతలు పడటం మొదలవుతుంది, అప్పుడు మళ్లీ పిడికిలి బిగించి చుట్టూ తిరిగి చూసుకోవాల్సిందే.